రెనె మాగ్రిట్

ఒక కళాకారుడు మరియొక కళాకారుని చూచి నేర్చుకొనుట లోకసహజము. కాని చూచినదానిని అనుకరించుట వేరు. దానివలన మేల్కొని తనదైన త్రోవను వెదకికొనుట వేరు. ఈ భేదమును తన జీవితముచే చూపినవాడు రెనె మాగ్రిట్ అను చిత్రకారుడు.

మాగ్రిట్ 1898వ సంవత్సరము నవంబరు 21వ తేదీన బెల్జియము దేశమునందలి లెసీన్ పట్టణమున జన్మించెను. తండ్రి దర్జీపనియు, బట్టల వ్యాపారమును చేయుచుండెను. ముగ్గురు కుమారులలో రెనె పెద్దవాడు. 1912లో, ఆతనికి 13 ఏండ్ల వయసున, తల్లి సాంబ్ర్ నదిలో మునిగి మరణించెను. ఆ దుఃఖమును గూర్చి ఆతడు పిమ్మట ఎవరితోను అంతగా చెప్పుకొనలేదు.

1916లో మాగ్రిట్ బ్రస్సెల్సు నగరము చేరి, అచటి రాయల్ అకాడమీలో చిత్రకళను అభ్యసింపసాగెను. ఆ కాలమున ఐరోపాయందు క్యూబిజము, ఫ్యూచరిజము అను నూతన రీతులు వ్యాపించియుండెను. వస్తువును కోణములుగా విడదీసి చూపునది మొదటిది. యంత్రయుగపు వేగమును చిత్రింపగోరునది రెండవది. యువకుడైన మాగ్రిట్ ఆ రెండు మార్గములను అనుసరించి చూచెను. చేతికి నేర్పు అబ్బెను గాని, ఆ చిత్రములలో ఆతని మనస్సు పలుకలేదు. 1922లో జార్జెట్ బెర్జే అను యువతిని వివాహమాడెను. సంసారము గడచుటకై గోడలకు అంటించు రంగుకాగితముల కర్మాగారమున నమూనాలు గీయు ఉద్యోగమున కుదిరెను.

ఇట్లుండగా, 1923 ప్రాంతమున మార్సెల్ లెకోమ్త్ అను కవిమిత్రుడు ఆతనికి ఒక చిత్రపు అచ్చుప్రతిని చూపెను. అది ఇటలీ చిత్రకారుడగు జార్జియో డి కిరికో 1914లో రచించిన ప్రేమగీతము. డి కిరికో మాగ్రిట్ కంటె పదేండ్లు మాత్రమే పెద్దవాడు. ఆ చిత్రమున ఒక గోడపై అపోలో దేవుని శిలాశిరస్సు, దాని చెంత మేకుకు తగిలించిన రబ్బరు చేతితొడుగు, క్రింద ఒక ఆకుపచ్చని బంతి, దూరమున ఒక రైలుయంత్రము కలవు. వీనికి పరస్పర సంబంధము లేదు. అయినను అవి ఒకచోట చేరగా, చూచువానికి కలలోని ప్రపంచము కన్నులయెదుట నిలిచినట్లుండెను. మాగ్రిట్ కన్నీరు ఆపుకొనలేకపోయెను. వస్తువులను ఎట్లు చిత్రింపవలెనని తాను ఇంతకాలము ఆలోచించెను. ఏమి చిత్రింపవలెనన్నదే అసలైన ప్రశ్నయని ఆతనికి ఆనాడు తోచెను.

1924లో పారిస్ నగరమున ఆంద్రే బ్రెతాఁ అను రచయిత అధివాస్తవికోద్యమమునకు ప్రణాళికను ప్రకటించెను. స్వప్నమునకును మెలకువకును గల హద్దును చెరపివేయుట ఆ ఉద్యమపు ఆశయము. దానిలోనివారు డి కిరికోను తమకు మార్గదర్శిగా భావించిరి. మాగ్రిట్ 1926లో దారి తప్పిన రౌతు అను చిత్రమును రచించెను. చదరంగపు బంట్లవలె మలచబడిన పెద్దస్తంభముల నడుమ ఒక రౌతు గుర్రమును పరుగెత్తించుచుండుట ఆ చిత్రవిషయము. తన త్రోవ ఆ చిత్రముతో దొరకెనని ఆతడు తలచెను.

కాని లోకము వెంటనే అంగీకరింపలేదు. 1927లో బ్రస్సెల్సునందు జరిగిన ఆతని తొలి ప్రదర్శనమును విమర్శకులు మెచ్చరైరి. ఆ యేడే ఆతడు భార్యతో పారిస్ పొలిమేరకు తరలిపోయి అధివాస్తవికుల సహవాసమున విరివిగా చిత్రించెను. 1929లో పొగత్రాగు పైపును ఉన్నదున్నట్లు గీచి, క్రింద అది పైపు కాదని వ్రాసెను. బొమ్మ వేరు, వస్తువు వేరు అని దాని భావము. అంతలో ఆర్థికమాంద్యము వచ్చెను. ఆతని చిత్రములను కొనుచుండిన సంస్థ మూతపడెను. 1930లో ఆతడు బ్రస్సెల్సునకు మరలివచ్చి, తమ్ముడు పాల్‌తో కలసి వ్యాపారప్రకటనల బొమ్మలు వేసి జీవించెను. తన చిత్రములను మాత్రము విడువక, ఇంటి భోజనపుగదియందే ఈజెలు నిలిపి, చక్కని దుస్తులు ధరించి చిత్రించుచుండెను.

ఈ కష్టకాలముననే ఆతడు గురుస్థానీయుని దాటి ఒక అడుగు ముందుకు వేసెను. డి కిరికో సంబంధములేని వస్తువులను చేర్చి ఆశ్చర్యము కలిగించెను. మాగ్రిట్ సంబంధము గల వస్తువులయందే దాగిన వింతను వెదకెను. ఒక రాత్రి నిద్రలేచి పంజరమును చూడగా, పక్షికి మారుగా అందులో గ్రుడ్డు ఉన్నట్లు ఆతనికి భ్రమ కలిగెను. పంజరమునకును గ్రుడ్డునకును గల సంబంధమే ఎక్కువ వింత గొలుపుచున్నదని గ్రహించి, 1933లో దానిని చిత్రముగా రచించెను. ఇది ఎవరినుండియు అరువు తెచ్చుకొనిన భావము కాదు.

1953లో రచించిన ఒక చిత్రమున, నల్లని కోటులు, గుండ్రని టోపీలు ధరించిన పెక్కుమంది మనుష్యులు ఇండ్లపై వానచినుకులవలె ఆకాశమున నిలిచియుందురు. దానికి లూయి స్క్యూటెనేర్ అను కవిమిత్రుడు సూచించిన పేరు గోలకొండ. కృష్ణాతీరపు గనుల వజ్రములు అమ్ముడుపోయిన మన గోలకొండ పేరు ఐరోపాలో తరగని సంపదకు మారుపేరై యుండెను. ఆ చిత్రము అమెరికాలోని హ్యూస్టను నగరమునందలి మెనిల్ చిత్రశాలలో కలదు.

1965లో న్యూయార్కునందలి ఆధునిక కళాప్రదర్శనశాల ఆతని చిత్రములను ప్రదర్శించి గౌరవించెను. 1967వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మాగ్రిట్ బ్రస్సెల్సునందు కన్నుమూసెను. 2009లో ఆ నగరముననే ఆతని పేర ఒక చిత్రశాల వెలసెను. ఒక అచ్చుప్రతిని చూచి కంటనీరు పెట్టిన యువకుడు దానికి నకలు వ్రాయుటతో తృప్తి చెందియుండినచో, ఆ చిత్రశాల గోడలపై నిలుపుటకు ఏమియు మిగిలియుండెడిది కాదు.