పాదరసంతో పాతికేళ్లు

భద్రాచలం నుంచి చింతూరు దాటి అడవిలోకి వెళ్తే మోతుగూడెం వస్తుంది. ఆ పక్కనే పొల్లూరులో 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉంది. ఒకప్పుడు ఇదంతా ఖమ్మం జిల్లా. రాష్ట్ర విభజనతో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. మన దేశపు మొట్టమొదటి హెచ్‌వీడీసీ లైను, అంటే హై వోల్టేజ్ డైరెక్ట్ కరెంట్ లైను, మొదలైంది ఇక్కడే అని చాలామందికి తెలీదు. 1989లో ఇక్కడి నుంచి బస్తర్ అడవుల మీదుగా బార్సూర్ దాకా 196 కిలోమీటర్లు వేశారు. ఆ లైను టవర్ల మీదే వెళ్తుంది. కానీ దాని టెక్నాలజీ నిలదొక్కుకుంది మాత్రం స్వీడన్‌లో, సముద్రం అడుగున కరెంటు పంపాల్సిన అవసరం కొద్దీ. ఆ పని కోసం పాతికేళ్లు ఒకే పరికరంతో కుస్తీ పట్టిన ఇంజినీరు పేరు ఉనో లామ్. ట్రిపుల్ఈ చదివిన నాలుగేళ్లలో నాకైతే ఈ పేరు ఎక్కడా తగల్లేదు.

లామ్ 1904లో గోథెన్‌బర్గ్‌లో పుట్టాడు. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చేసి 1927లో బయటికొచ్చాడు. తర్వాత ఏఎస్ఈఏ అనే కంపెనీలో ట్రైనీగా చేరాడు. ఈ కంపెనీయే 1988లో బ్రౌన్ బొవేరితో కలిసి ఏబీబీ అయింది. 1929లో, అంటే పాతికేళ్ల వయసులో, హై వోల్టేజ్ మెర్క్యురీ ఆర్క్ వాల్వు తయారుచేసే బాధ్యత అతని మీద పడింది. అప్పటికి అలాంటి వాల్వు ప్రపంచంలో ఎక్కడా సరిగ్గా పనిచేయడం లేదు.

అసలు డీసీ ఎందుకు? ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నే ఇది, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. కేబుల్‌ను భూమిలో పాతినా, నీళ్లలో వేసినా, మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆ పైన లోహపు తొడుగు ఉంటాయి. అంటే అది కిలోమీటర్ల పొడవున్న కెపాసిటర్. 50 హెర్ట్జ్ ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. మారిన ప్రతిసారీ ఈ కెపాసిటర్ నిండాలి, ఖాళీ అవ్వాలి. పొడవు పెరిగేకొద్దీ ఈ చార్జింగ్ కరెంటూ పెరుగుతూ పోయి, చివరికి కేబుల్ సామర్థ్యమంతా తనే తినేస్తుంది. అవతలి ఒడ్డుకు పంపడానికి ఏమీ మిగలదు. పైన వేలాడే లైన్లలో అయితే తీగల మధ్య గాలి, బోలెడంత ఎడం ఉంటాయి కాబట్టి ఈ బాధ చాలా తక్కువ. డీసీలో కేబుల్ ఒకసారి నిండితే అంతే, మళ్లీ మళ్లీ నింపే పని లేదు. చిక్కల్లా ఏంటంటే జనరేటర్లు ఇచ్చేది ఏసీ, ఊళ్లకు కావాల్సింది ఏసీ. ఈ ఒడ్డున ఏసీని డీసీ చేయాలి, ఆ ఒడ్డున డీసీని తిరిగి ఏసీ చేయాలి. లక్ష వోల్టుల దగ్గర ఆ మార్పు చేసే స్విచ్ కావాలి.

ఆ రోజుల్లో దానికున్న దారి పాదరసం. గాలి తీసేసిన గదిలో అడుగున పాదరసం, పైన ఆనోడ్. ఆర్క్ వెలిగితే కరెంటు ఒకవైపే వెళ్తుంది. తక్కువ వోల్టేజీలో బాగానే పనిచేసేది. వోల్టేజీ పెంచితే ఉన్నట్టుండి ఆర్క్ రివర్స్‌లో వెలిగి షార్ట్ సర్క్యూట్ అయ్యేది. దీన్నే ఆర్క్ బ్యాక్ అంటారు. లామ్ ఆలోచన సింపుల్‌గానే ఉంటుంది: ఆనోడ్‌కీ కాథోడ్‌కీ మధ్య వరుసగా కొన్ని ఎలక్ట్రోడ్లు పెట్టి, మొత్తం వోల్టేజీని మెట్లు మెట్లుగా పంచేయడం. ఏ మెట్టు మీదా మోయలేనంత భారం పడదు. 1929లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

పేటెంట్ వచ్చింది కానీ వాల్వు రాలేదు. ఆర్క్ లోపల ఏం జరుగుతోందో చెప్పే సిద్ధాంతం అప్పటికి సరిగ్గా లేదు. ఒక డిజైన్ చేయడం, పరీక్షించడం, ఫెయిలైతే మళ్లీ మార్చడం. ఇలా పదేళ్లు గడిచినా అమ్ముకోవడానికి కంపెనీ చేతిలో సరుకు లేదు. ఇప్పటి కంపెనీ అయితే రెండో ఏడాదే ప్రాజెక్టు మూసేసేదని నా అనుమానం. ఈ మధ్యలోనే లామ్ ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ పూర్తిచేశాడు. అది వచ్చింది 1943లో, 39 ఏళ్ల వయసులో. ఇక పెద్ద వాల్వును పరీక్షించాలంటే పెద్ద ఎత్తున కరెంటు కావాలి. ఫ్యాక్టరీలో అంత ఎక్కడిది? అందుకే జలవిద్యుత్ కేంద్రమున్న ట్రోల్‌హెట్టాన్‌లో, స్వీడన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థతో కలిసి టెస్ట్ స్టేషన్ పెట్టారు. అక్కడి నుంచి మెల్లెరుడ్‌కు 50 కిలోమీటర్ల లైను మీద ప్రయోగాలు చేశారు.

ఈ రేసులో లామ్ ఒంటరి కాదు. జర్మనీ వాళ్లు యుద్ధం మధ్యలోనే ఎల్బే నది దగ్గర నుంచి బెర్లిన్‌కు 115 కిలోమీటర్ల డీసీ కేబుల్‌ను భూమిలో పాతారు. 1945లో జర్మనీ ఓడిపోవడంతో అది వాడకంలోకి రానేలేదు. సోవియట్ సైన్యం ఆ సామాను తీసుకెళ్లింది. దాంతోనే 1951లో మాస్కో, కషీరాల మధ్య భూగర్భ లైను నడిపారు.

లామ్‌కు అవకాశం ఇచ్చింది గాట్లాండ్ అనే దీవి. బాల్టిక్ సముద్రంలో ఉంటుంది. ప్రధాన భూభాగంలో చవకైన జలవిద్యుత్ పుష్కలంగా ఉంటే, దీవిలో బొగ్గు తెచ్చి కాల్చుకునేవాళ్లు. మధ్యలో సుమారు 98 కిలోమీటర్ల కేబుల్ పడుతుంది. ఏసీతో కుదిరే దూరం కాదు. 1950లో కాంట్రాక్టు కుదిరింది, 1954లో లైను మొదలైంది. లక్ష వోల్టులు, 200 ఆంపియర్లు, 20 మెగావాట్లు. కేబుల్‌కు ఇన్సులేషన్ ఏంటనుకున్నారు? చిక్కటి నూనె పట్టించిన కాగితం పొరలు. ఇంకో విశేషం, వేసింది ఒక్కటే కేబుల్. తిరుగు కరెంటు సముద్రపు నీళ్లలోంచి వచ్చేది. పరికరం మొదలుపెట్టిన పాతికేళ్లకు, లామ్‌కు 50 ఏళ్లు నిండబోతుండగా, అది మార్కెట్లోకి వచ్చింది.

ఆ తర్వాత ఆర్డర్లు వరస కట్టాయి. 1961లో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం కింద 160 మెగావాట్లు. 1965లో న్యూజిలాండ్ రెండు దీవులను కలుపుతూ సుమారు 610 కిలోమీటర్లు, అందులో 40 నీళ్ల కింద. లామ్ మధ్యలో కొన్నేళ్లు కంపెనీ అణువిద్యుత్ విభాగాన్నీ నడిపి, 1960ల మధ్యలో కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. అక్కడ ఒరెగాన్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు 1,360 కిలోమీటర్ల పసిఫిక్ ఇంటర్‌టై 1970లో మొదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో భూకంపం వచ్చి సిల్మార్ స్టేషన్ భారీగా దెబ్బతింది.

అంతకంటే పెద్ద దెబ్బ అప్పటికే తగిలింది. 1970లో గాట్లాండ్ లైనునే 30 మెగావాట్లకు పెంచినప్పుడు, అదనంగా పెట్టినవి పాదరసం వాల్వులు కావు, థైరిస్టర్లు. సిలికాన్ ముక్క. ఆర్క్ బ్యాక్ లేదు, వాక్యూమ్ గొడవ లేదు. పాతికేళ్లు పట్టిన పరికరానికి పదహారేళ్లలోనే ప్రత్యామ్నాయం వచ్చేసింది. చేసినదంతా వృథా అనిపిస్తుంది, కదా? కానీ పోయింది వాల్వు ఒక్కటే. దాని చుట్టూ అల్లిన కన్వర్టర్ స్టేషన్ పద్ధతి, రెండు చివరలనూ కలిపి కంట్రోల్ చేసే తీరు చాలావరకు అలాగే నిలిచాయి. వాల్వు తీసి థైరిస్టర్ పెట్టారంతే. న్యూజిలాండ్‌లో అయితే పాదరసం వాల్వుల్లో చివరివి 2012 దాకా పనిచేశాయి.

లామ్ 1989 జూన్ 1న కన్నుమూశాడు. మన సీలేరు, బార్సూర్ లైను వచ్చిందీ ఆ ఏడాదే. దీన్ని భెల్ థైరిస్టర్లతో కట్టింది. అప్పటికే ఉన్న 220 కిలోవోల్టుల డబుల్ సర్క్యూట్ ఏసీ లైనులో ఒక సర్క్యూట్ తీసుకుని డీసీకి మార్చారు. నిజానికి 196 కిలోమీటర్లకు, అదీ టవర్ల మీద, ఏసీ చాలు. అయితే అప్పట్లో దక్షిణాది గ్రిడ్, మధ్యప్రదేశ్ ఉన్న పశ్చిమ గ్రిడ్ వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో నడిచేవి. రెండూ నేరుగా కలిసింది 2013 డిసెంబర్ 31నే. అంతవరకు వాటి మధ్య కరెంటు ఇచ్చిపుచ్చుకోవడానికి డీసీయే దారి. పైగా మన ఇంజినీర్లు ఈ విద్య నేర్చుకోవడానికి ఒక ప్రయోగశాల కావాలి. అడవి మధ్యలోని మోతుగూడెం అలా ప్రయోగశాల అయింది.

ఈ రంగంలో ఉద్యోగం చూసుకునేవాళ్లు ఒక సంగతి గమనించండి. విశాఖ గాజువాకలో 1,000 మెగావాట్ల బ్యాక్ టు బ్యాక్ స్టేషన్ ఉంది. అందులో లైనే ఉండదు, రెండు కన్వర్టర్లూ ఒకే ఆవరణలో ఉంటాయి. తమిళనాడు పుగళూర్ నుంచి కేరళ త్రిసూర్‌కు 2021లో వచ్చిన 2,000 మెగావాట్ల లైను కొంత దూరం భూమిలో పాతిన కేబుల్‌గా వెళ్తుంది. ఇది థైరిస్టర్లది కాదు, ఐజీబీటీలతో పనిచేసే కొత్త తరం. వీటిని నడిపే పవర్‌గ్రిడ్ ఇంజినీర్ ట్రైనీలను గేట్ స్కోరుతో తీసుకుంటుంది. సిలబస్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్‌ను చివర్లో చూద్దాంలే అని వదిలేసే అలవాటుంటే, త్రీ ఫేజ్ బ్రిడ్జ్ కన్వర్టర్ చాప్టర్‌ను మాత్రం ముందుకు జరపండి. ఫైరింగ్ యాంగిల్ 90 డిగ్రీలు దాటితే అదే బ్రిడ్జ్ డీసీని ఏసీగా ఎలా మారుస్తుందో కాగితం మీద వేవ్‌ఫామ్ గీసి చూడండి. గాట్లాండ్‌లో అవతలి ఒడ్డున జరిగింది అదే.