కత్తి చేరని చోటికి త్రోవ చూపిన ఆంధ్రుడు

నోటినుండి జీర్ణాశయమునకు అన్నమును చేరవేయు నాళమునకు అన్నవాహిక యని పేరు. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దానికి క్యాన్సరు సోకినపుడు శస్త్రవైద్యుడు చెడిన భాగమును కోసివేసి, జీర్ణాశయమును పైకి తెచ్చి మిగిలిన నాళముతో కలిపి కుట్టును. ఇది మిక్కిలి కష్టమైన శస్త్రచికిత్స. అయినను కత్తి కంటికి కనబడు వ్రణమునే తొలగింపగలదు గాని, దేహమునందు దాగియున్న రోగకణములను తొలగింపజాలదు. చికిత్స పిమ్మట రోగి యెంతకాలము జీవించునన్నది పెక్కుమారులు ఆ దాగిన కణములపైననే ఆధారపడియుండును. వానిని వెంటాడు మందుల చరిత్రలో తొలి ప్రకరణమున ఒక ఆంధ్రుని పేరు కలదు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున ఆయన చదువులో రాణింపలేదు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చేరిన పిమ్మట గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరింపసాగెను. శస్త్రవైద్యాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగ వ్రాసినను, పూర్తి పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఆయనకు దక్కెను. శస్త్రవైద్యాచార్యుని మెప్పు పొందలేకపోయిన ఆ విద్యార్థియే తరువాత శస్త్రచికిత్సకు తోడుగ నిలుచు ఔషధములకు బాట వేయుట విధివిలాసము.

స్ప్రూ అను గ్రహణి వ్యాధి ఆయన కుటుంబమున విషాదము నింపెను. సోదరులను పోగొట్టుకొన్న సుబ్బారావు వ్యాధుల మూలమును కనుగొనవలెనను పట్టుదలతో అమెరికాకు పోయి బోస్టను నగరమున దిగెను. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేయుచు హార్వర్డులో చదివెను. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కే పండితునితో కలిసి ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములపై పనిచేసి పేరు గడించెను. అయినను అచట స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లే ఔషధసంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వము వహించెను.

ఆ సంస్థలో ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. గ్రహణివలన కలుగు రక్తహీనతకు అది మందయ్యెను. ఇంటిని కాల్చిన నిప్పునే ఆయన ఆర్పగలిగెనన్నమాట. కాని కథ అంతటితో ముగియలేదు. కణము రెండుగ చీలి పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అట్లయినచో దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థమును చేసినచో, అదుపులేక పెరుగు రోగకణము ఆగిపోవలెను గదా! ఆ తర్కముననుసరించి సుబ్బారావు బృందము సిద్ధపరచిన అమైనాప్టెరిన్ అను మందును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, వ్యాధి తాత్కాలికముగ వెనుకకు తగ్గుటను 1948 జూనులో లోకమునకు వెల్లడించెను. దాని సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలోనున్నది.

ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావు గుండెపోటుతో మరణించెను. అమెరికాకు పోయిన పిమ్మట ఆయన మాతృదేశమునకు తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఆయనను మరల చూడలేదు. 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళ విడుదల చేసెను.

అన్నవాహిక క్యాన్సరునకు మెథోట్రెక్సేటు నేడు ముఖ్యమైన మందు కాదు. అయితే ఒక రకపు అన్నవాహిక క్యాన్సరుపై జర్మనీలో జరిగిన పరిశోధన ఫలితములు 2024లో వెలువడినవి. శస్త్రచికిత్సకు ముందును వెనుకను నాలుగు మందులు కలిపి యిచ్చినవారిలో సగముమంది 66 నెలలకు మించి జీవించిరి. శస్త్రచికిత్సకు ముందు మాత్రము మందులతోపాటు కిరణచికిత్స పొందినవారిలో ఆ కాలము 37 నెలలు. ఆ నాలుగింటిలో ఒకటియైన ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లమునకు రూపాంతరము. తోడి మందునకు అది బలము చేకూర్చును.

ఔషధమొక్కటియే ఆయువును నిర్ణయింపదు. వ్యాధి ఏ దశలో బయటపడెను, లసికాగ్రంథులకు ప్రాకెనా, కోసిన అంచులలో రోగకణము మిగిలెనా, కుట్టు నిలిచెనా, రోగి బరువును బలమును కాపాడుకొనెనా, ఆ చికిత్సను తరచు చేయు అనుభవము ఆసుపత్రికి కలదా యన్నవి అన్నియు లెక్కకు వచ్చును. తగరపువలసకు ఇరుగుపొరుగున విశాఖ, శ్రీకాకుళ తీరగ్రామములలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని త్రాగు అడ్డపొగ అంగిటి క్యాన్సరునకు హేతువని వైద్యులు ఏనాడో తేల్చిరి. పొగాకు అన్నవాహికకును శత్రువే. ముద్ద మింగుట కష్టమైనపుడు, కారణము లేక బరువు తగ్గినపుడు నెలలు జాగుచేయక వైద్యునొద్దకు పోవలెను. సుబ్బారావు వంటివారి శ్రమ సకాలమున వచ్చిన రోగికే సంపూర్ణముగ ఫలించును.