బళ్లారి బండల్లో చరిత్ర చూసిన ఫూట్ దొర

బళ్లారి: సంగనకల్లు, కప్పగల్లు దారిన పోయేవాళ్లకు అవి ఉత్త బండలే. రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటిలో చరిత్ర చూశారు. 1834లో ఇంగ్లండులో పుట్టిన ఆయన 1858లో భూగర్భ సర్వే ఉద్యోగిగా మద్రాసు వచ్చారు. 1863లో పల్లావరంలో ఆదిమానవుడి రాతి గొడ్డలిని గుర్తించారు. ఆ తర్వాత మన బళ్లారి కొండలెక్కి కొత్తరాతి యుగం పనిముట్లు ఏరారు. ఆయన సేకరణంతా 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. 1912లో కన్నుమూశారు. బళ్లారిలోని పురావస్తు మ్యూజియానికి ఆయన పేరే పెట్టారు.

2004లో కప్పగల్లు కొండ మళ్లీ వార్తల్లోకెక్కింది. రాళ్లపై చెక్కిన ఎడ్ల బొమ్మలు, కొడితే గంటలా మోగే బండల గురించి పరిశోధకులు వివరించారు. అప్పటికే క్వారీ పనులు కొండను తొలిచేస్తున్నాయి. బొమ్మలున్న బండ కంకరైపోయాక ఇంకో ఫూట్ వచ్చినా చూసేదేముంటుంది?