వంకర వేళ్లతోనే చివరిదాకా కుంచె

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయా? కాఫీ గ్లాసు పట్టుకోవాలన్నా, చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా గంటసేపు ఆగాల్సి వస్తోందా? ‘వయసు మీద పడుతోంది, మామూలే’ అనుకుని మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కునే ముందు ఒక చిత్రకారుడి సంగతి తెలుసుకోండి. ఆయన చేతులకు వచ్చిన జబ్బు మన ఇళ్లలోనూ ఉంది. ఆయన కాలంలో దాన్ని అదుపు చేసే మందు లేదు. ఇప్పుడుంది.

పియర్ ఆగస్ట్ రెన్వార్ 1841లో ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో ఒక దర్జీ ఇంట పుట్టారు. పదమూడేళ్లకే పారిస్‌లో పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసే పనికి కుదిరారు. 1874లో మోనే, డెగా వంటి మిత్రులతో కలిసి ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనలో పాల్గొన్నారు. పడవ షికార్లు, నాట్యాలు, చెట్ల సందుల్లోంచి పడే ఎండ... ఆయన బొమ్మల్లో విషాదం వెతికినా సులువుగా దొరకదు.

1892 ప్రాంతంలో, యాభై దాటాక, కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. 1897లో సైకిల్ మీంచి పడి కుడి చెయ్యి విరిగింది. అంతటికీ ఆ దెబ్బే కారణమనుకోవడం తేలిక. మన దగ్గరా ‘ఆనాడు బస్సు దిగుతూ పడ్డాను, అప్పట్నుంచే’ అనేవాళ్లు తక్కువేం కాదు. కానీ ఆయనకు నొప్పులు అంతకుముందే ఉన్నాయి. అప్పటి ఫొటోలను పరిశీలించిన వైద్యులు ఆయన జబ్బు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటున్నారు. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. రెన్వార్ బాగా సిగరెట్లు కాల్చేవారు. పొగతాగడం ఈ జబ్బు ముప్పును పెంచుతుందని ఇప్పుడు మనకు తెలుసు. ఇది మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్ఫై, నలభైల్లోనూ రావచ్చు.

మరి మీ నొప్పి ఇదేనా? పొద్దుటి బిగుతు ఎంతసేపు ఉంటుందో గడియారం చూసి గమనించండి. రెండు చేతుల వేళ్ల కణుపులూ, మణికట్లూ వాచి, బిగుతు గంటసేపు వదలకుండా, పని చేసుకుంటుంటే కాస్త సడలుతుంటే ఈ జబ్బును అనుమానించాలి. మోకాళ్ల అరుగుదలలో ఇలా కాదు. బిగుతు అరగంట లోపే పోతుంది, నడిచినకొద్దీ, మెట్లెక్కినకొద్దీ, సాయంత్రానికి నొప్పి పెరుగుతుంది. అక్కడ బరువు తగ్గడం, తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలే పెద్ద మందు. అర్ధరాత్రి ఉన్నట్టుండి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది యూరిక్ యాసిడ్ తెచ్చే గౌట్ కావచ్చు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా నొప్పులు నెలల తరబడి వేధించొచ్చు. ఏదైనా ఒక్క కీలు వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కీలులో ఇన్‌ఫెక్షన్ చేరి ఉండొచ్చు.

రెన్వార్‌కు దొరికిన వైద్యం వేడినీటి బుగ్గల్లో స్నానాలు, విరేచనాల మందులు, నొప్పి తగ్గించే యాంటిపైరిన్. జబ్బు తన దారిన తాను ముదిరింది. వెచ్చగా ఉంటుందని ఆయన దక్షిణ ఫ్రాన్స్‌కు మకాం మార్చి, 1907లో కాన్య్ ఊళ్లో ఆలివ్ తోట కొనుక్కున్నారు. వేళ్లు కదులుతూ ఉండాలని చిన్న బంతులు ఎగరేసి పట్టుకునేవారు. 1912 నాటికి చక్రాల కుర్చీయే దిక్కయింది. ఒక వైద్యుడు పట్టుబట్టి ఆయన్ని నాలుగడుగులు నడిపించాడనీ, నడకకే సత్తువంతా అయిపోతే బొమ్మలకు ఏమీ మిగలదని ఆయన మళ్లీ కుర్చీలోనే కూర్చున్నారనీ చెబుతారు.

కుంచెను చేతికి కట్టుకుని గీశారనే మాట మీరూ వినే ఉంటారు. అది నిజం కాదు. అరచేతిలోకి ముడుచుకుపోయిన వేళ్లు చర్మాన్ని ఒరిపిడి పెట్టకుండా గుడ్డ చుట్టేవారు. కుంచెను పక్కనున్నవారు వేళ్ల సందులో పెడితే ఆయనే పట్టుకునేవారు. 1915లో తీసిన ఒక మూకీ చిత్రంలో ఇది కనిపిస్తుంది, అందించేది చిన్న కొడుకు. పెద్ద బొమ్మల కోసం గుడ్డను రోలర్ల మీద చుట్టి, గీయాల్సిన భాగం చెయ్యి అందే చోటికి తిప్పుకునే ఏర్పాటు చేసుకున్నారు. 1919 డిసెంబరు 3న చనిపోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నారు. ఆ పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ ఈ రోజుల్లో ఎవరి వేళ్లూ అంతదాకా వంగనివ్వక్కర్లేదు.

ఎందుకంటే రెన్వార్ పోయిన మూడు దశాబ్దాలకు మెథోట్రెక్సేట్ వచ్చింది. దీన్ని తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం. మొదట క్యాన్సర్ కోసం వాడిన ఆ మందు కీళ్లవాతానికి పనికొస్తుందని తేలి, విస్తృతంగా వాడుకలోకి వచ్చింది మాత్రం 1980లలో. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు అది చూడలేదు.

ఇవాళ రుమటాలజిస్టులు చాలామందికి మొదట రాసేది ఆ మందే. లక్షణాలు మొదలైన తొలి నెలల్లోనే వాడితే కీళ్లు దెబ్బతినకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకండి, ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. ఒంట్లో గుణం కనిపించగానే మందు మానేయొద్దు. ఏం కలిపారో తెలియని నొప్పుల పొడుల జోలికి వెళ్లొద్దు, వాటిలో స్టెరాయిడ్లు ఉండొచ్చు. నొప్పి మాత్రలు రోజూ సొంతంగా మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మద్యం ముట్టకూడదు. గర్భం దాల్చాలనుకునే వారు ముందే డాక్టరుకు చెప్పాలి. కాలేయం, రక్తకణాల పరీక్షలు చెప్పిన గడువుకల్లా చేయించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజేదో డాక్టరును అడిగి, వంటింటి క్యాలెండరులో ప్రతి వారం ఆ గడికి సున్నా చుట్టి పెట్టుకోండి.