రహీం సాహెబు

ఫుట్‌బాలు ఆటలో గోలు కొట్టినవాని పేరు లోకమెల్ల చెప్పుకొనును. మైదానపు అంచున నిలిచి ఆ గోలునకు త్రోవ చూపిన గురువును తలచువారు కొందఱే. జట్టు గెలిచినచో ప్రేక్షకులు ఆటగాండ్రను పొగడుదురు. ఓడినచో శిక్షకుని తెగడుదురు. పొగడ్తకు పొంగక, తెగడ్తకు క్రుంగక, తన విద్యను దినదినము దిద్దుకొనుచు భారతదేశమునకు కీర్తి తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది ఉపాధ్యాయవృత్తి నవలంబించెను. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో బాలురకు చదువు చెప్పెను. వ్యాయామవిద్యలోను శిక్షణ పొందెను. యౌవనమున కమర్ క్లబ్బు జట్టులో ఆడి పేరు గడించెను. జనులు ఆయనను రహీం సాహెబని గౌరవముతో పిలిచెడివారు. ఎంత పెద్ద జట్టునకు శిక్షకుడైనను ఆయన స్వభావము మాత్రము ఉపాధ్యాయునిదే.

1943 ప్రాంతమున ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. నగర పోలీసు జట్టునకు శిక్షణ నిచ్చు భారము కూడ వహించెను. ఆ దినములలో బంతి చిక్కినంతనే దానిని ఒంటరిగా నడిపించుకొనిపోవుట గొప్ప నేర్పుగా పలువురు భావించెడివారు. రహీం అందులకు సమ్మతింపలేదు. బంతి మనుష్యునికంటె వేగముగా పోవును గనుక, ఒకరినుండి యొకరికి వెంటనే అందించుటయే మేలని ఆయన మతము. ఈ అలవాటు కుదురుటకై బంతిని ఒంటరిగా నడిపింపరాదను నియమముతో పోటీలు జరిపించెను. మఱికొన్ని పోటీలలో వాటము లేని కాలితోనే తన్నవలెనని నిబంధన పెట్టెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితో తన్నబోయి తొలుత తడబడిరి. కొలదికాలములోనే రెండు కాళ్లును వారికి సమానముగా వశమయ్యెను.

పేద బాలురలోని ప్రతిభను ఆయన ఇట్టే కనిపెట్టెడివాడు. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం అట్టివాడు. మైదానమునకు వచ్చుటకు ఆ బాలునికి దారిఖర్చు లేకపోగా, సైకిలు అద్దెకు రహీమే పైకమిచ్చెను. ఆ బాలుడే తరువాత దేశము మెచ్చిన ఆటగాడయ్యెను. రహీం శిక్షణలో నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా 5 పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

భారత జట్టునకును ఆయన శిక్షకుడయ్యెను. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1-0 తేడాతో ఓడించి స్వర్ణము పొందిరి. ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. మఱుసటి సంవత్సరము హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మన జట్టును 10-1 తేడాతో చిత్తుగా ఓడించెను. ఇట్టి పరాభవము పిమ్మట శిక్షకుని విద్య ఇంతేనని, అతని కాలము చెల్లినదని తలచుట లోకసహజము.

రహీం నిందలకు బదులు చెప్పుటకంటె ఓటమికి కారణము వెదకుటయే మేలని యెంచెను. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరి. మన దేశమున ఆట 70 నిమిషములు సాగెడిది. ఒలింపిక్సులో 90 నిమిషములు. ఆ పిమ్మట బూట్లు ధరించుట విధిగా ఏర్పడెను. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును ఆ దేశమునందే 6-3 తేడాతో ఓడించి ప్రపంచమును ఆశ్చర్యపఱచెను. ఆ జట్టు పన్నుగడను రహీం శ్రద్ధగా పరిశీలించెను. ముందువరుస నడిమి ఆటగాడు గోలుకడ నిలువక కొంత వెనుకకు వచ్చి బంతి నందుకొనును. అతనిని వెంబడించి ఎదిరిపక్షపు రక్షకుడు ముందునకు రాగా, వాని వెనుక చోటు ఖాళీ యగును. ఆ చోటులోనికి తక్కినవారు చొచ్చుకొనిపోవుదురు. ఈ పద్ధతిని రహీం మనవారికి నేర్పెను.

దాని ఫలము 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో కనబడెను. నెవిల్ డిసౌజా 3 గోలులు కొట్టగా భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టు అదియే. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. మొదటి గోలు మనవారిదే; తుదకు 4-1 తేడాతో ఓడిరి. పతకము దక్కకున్నను, నాలుగేండ్లలో మన ఆట ఎంత పెరిగినదో లోకము గ్రహించెను. 1960 రోము ఒలింపిక్సులో మన జట్టు ఫ్రాన్సుతో 1-1గా సమానముగా నిలిచెను.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరుగునాటికి ఒక వ్యాధి ఆయన దేహమును క్షీణింపజేయుచుండెను. అయినను జట్టుతో వెళ్లెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో మనవారిని ఓడించెను. రహీం ధైర్యము విడువలేదు. జట్టు థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును గెలిచెను. రక్షణవరుసలోని జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడియుండెను. అట్టివానిని రహీం ముందువరుసలో నిలిపెను. చూచువారికి అది సాహసముగా తోచెను. అంతిమపోటీ సెప్టెంబరు 4వ తేదీన మరల దక్షిణ కొరియాతోనే జరిగెను. సుమారు లక్షమంది ప్రేక్షకులు; వారిలో అత్యధికులు భారతమునకు ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. ఆ హోరులో పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు మఱియొక గోలును కొట్టిరి. 2-1 తేడాతో స్వర్ణము మనదయ్యెను.

అదియే రహీం కడపటి విజయము. ఊపిరితిత్తుల పుట్టకురుపు వ్యాధితో ఆయన 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన కన్నుమూసెను. ఆ తరువాత 2023 వఱకు జరిగిన ఏ ఆసియా క్రీడలలోను భారత పురుషుల జట్టు ఫుట్‌బాలులో స్వర్ణము పొందలేదు. ఆయన లేని లోటునకు ఇంతకంటె వేఱు కొలత అక్కఱలేదు.

హెల్సింకీ ఓటమినాడే రహీమును త్రోసివేసియున్నచో మెల్బోర్న్ కీర్తియు, జకార్తా స్వర్ణమును మనకు దక్కెడివి కావేమో! ఒక్క దినపు ఆటనుబట్టి మనుష్యుని తూచరాదు; ఓటమినుండి అతడేమి నేర్చెనో చూడవలెను. హైదరాబాదు మైదానమున ఆడు బాలునకైనను, రంపచోడవరపు కొండలనడుమ వట్టికాళ్లతో బంతి తన్ను బాలునకైనను రహీం సాహెబు జీవితము నేర్పు పాఠమిదియే.