ఓటు లేని నాటి ప్రతినిధి

చట్టసభల్లో మహిళలకు మూడోవంతు స్థానాలు కేటాయించే బిల్లును పార్లమెంటు 2023 సెప్టెంబరు 21న ఆమోదించింది. అప్పటికి పన్నెండు రోజుల్లో డాక్టర్ కాదంబినీ గంగూలీ శతవర్ధంతి. ఈ రెండింటినీ జతచేసి చూడకుండా ఉండలేకపోతున్నాను.

భాగల్పూరులో జన్మించిన కాదంబిని కలకత్తా బెథూన్ కళాశాలలో చదివి, 1883లో చంద్రముఖీ బసుతో కలిసి దేశంలో తొలి మహిళా పట్టభద్రులలో ఒకరయ్యారు. అదే ఏడు సంఘసంస్కర్త ద్వారకానాథ్ గంగూలీని వివాహమాడారు. కలకత్తా మెడికల్ కాలేజీలో ఎదురైన వ్యతిరేకతను తట్టుకుని 1886లో వైద్యురాలయ్యారు. 1891లో 'బంగబాసి' పత్రిక ఆమె శీలంపై బురద చల్లింది. ఆమె మౌనం వహించలేదు; వ్యవహారం న్యాయస్థానానికెక్కి, సంపాదకునికి ఆరు నెలల జైలుశిక్ష పడింది. 1893లో ఎడిన్‌బరో వెళ్లి ఉన్నత వైద్య అర్హతలు సాధించారు.

మన దేశంలో ఏ మహిళకూ చట్టసభలకు ఓటు హక్కు లేని 1889లో, బొంబాయి కాంగ్రెసుకు ఆమె ప్రతినిధిగా వెళ్లారు. మరుసటి ఏడు కలకత్తా మహాసభ వేదికపై ప్రసంగించారు. ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహులకు మద్దతుగా 1908లో కలకత్తాలో జరిగిన సభకు అధ్యక్షత వహించారు. అరవయ్యేళ్లు దాటాక, 1922లో, కవయిత్రి కామినీ రాయ్‌తో కలిసి బొగ్గుగనుల్లోని స్త్రీ కార్మికుల స్థితిగతులను విచారించారు. 1923 అక్టోబరు 3న, శస్త్రచికిత్స ముగించి ఇల్లు చేరిన రోజునే కన్నుమూశారు.

ఆ బిల్లు చట్టమైనా, దాని అమలును జనగణనతో, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టారు. కాదంబిని మాత్రం గడువుల కోసం ఆగలేదు. హక్కు రాకముందే బాధ్యతను తలకెత్తుకున్నారు. స్త్రీలను ఇంకా కొంతకాలం ఆగమని చెప్పే నాయకులు ఆ జీవితాన్ని ఒకసారి చదవాలి.