శిష్యులే ఆస్తిగా బతికిన ఆచార్య రాయ్

ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ గారు 1861 ఆగస్టు 2న, నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న రాడులి గ్రామంలో జన్మించారు. ఎడిన్‌బరోలో డి.ఎస్‌సి. పట్టా పొంది, 1889లో నెలకు రూ. 250 జీతంపై కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు.

చిన్న తరగతులను కొత్త మాస్టర్లకు వదిలేయడం చాలాచోట్ల రివాజు. వీరు మాత్రం కాలేజీలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు తామే పాఠం చెప్పేవారు. ఎముకను కాల్చి, ఆ బూడిదను నోట్లో వేసుకొని, అది వట్టి రసాయన పదార్థమేనని చూపేవారు. చూసిన కుర్రవాడు మరచిపోతాడా? శిష్యులను ప్రయోగశాలలో తమ పక్కన నిలబెట్టుకొని పని నేర్పి, పరిశోధన పత్రంపై వారి పేరు కూడా వేసేవారు. మనం రాసిన నోటు కింద పైవారి సంతకం మాత్రమే చూసుకొన్న మనకు ఆ విలువ తెలుసు. నీల్ రతన్ ధర్, జ్ఞానచంద్ర ఘోష్ గార్లు వారి శిష్యులే. ఘోష్ గారు ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. తొలి డైరెక్టరయ్యారు.

చదివినవాడికి గుమస్తాగిరీయేనా గతి అన్న బాధతోనే బెంగాల్ కెమికల్స్ ప్రారంభించారు. 1901లో అది కంపెనీ అయింది. జీవితమంతా గుమస్తాగా గడిపిన నాకు ఇది కొంచెం గుచ్చుకుంటుంది, కానీ నిజమే.

1921లో అరవై నిండగానే, ఇకపై రావలసిన జీతమంతా విశ్వవిద్యాలయానికే ఇచ్చేశారు. అయినా 1936 దాకా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. సైన్స్ కళాశాలలో ఒక గది, తోడుగా బీద విద్యార్థులు. 1944 జూన్ 16న అక్కడే కన్నుమూశారు.